వేల చక్రం

నేను కార్ల మీటర్లు బాగుచేస్తాను. ఇంజను జోలికి పోను, బ్రేకుల జోలికి పోను. స్టీరింగు వెనకాల అద్దం కింద ఉండే గుండ్రటి డబ్బా ఒక్కటే నా లోకం. పాత కార్లలో బండి ఎంత దూరం తిరిగిందో చెప్పే అంకెలు ఆ డబ్బాలో, సన్నటి కడ్డీకి గుచ్చిన చిన్న చక్రాల మీద ఉంటాయి. ఒకట్ల చక్రం పూర్తిగా తిరిగితే పదుల చక్రం ఒక అంకె కదులుతుంది. పదులు తిరిగితే వందలు, వందలు తిరిగితే వేలు. ఇప్పటి బండ్లలో ఈ చక్రాలు లేవు, అన్నీ వెలిగే అంకెలే. కాబట్టి నా దగ్గరికి వచ్చే బండ్లూ, వాటిని తెచ్చే మనుషులూ కాస్త నెరిసినవాళ్ళే.

నా షెడ్డు పెద్దదేం కాదు. రేకుల కప్పు, ఒక బల్ల, మెడ వంచే దీపం, ఒక్క కారు పట్టే చోటు. గోడకున్న అరలో వరసగా అగ్గిపెట్టెలు. మీటరు విప్పితే వచ్చే స్క్రూలు ఆవగింజంత ఉంటాయి, కింద పడ్డాయంటే ఇక వాటి మీద ఆశ వదులుకోవలసిందే. అందుకని ఒక్కో బండి స్క్రూలు ఒక్కో అగ్గిపెట్టెలో వేసి, పైన పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాను. నా దగ్గర వస్తువు పోవడం అనేది ఉండదు. వీధిలో దీనికి చాదస్తం అని పేరు పెట్టారు, పెట్టుకోనివ్వండి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బండి ఏ అంకెతో షెడ్డులోకి వస్తే అదే అంకెతో బయటికి పోవాలి. కానీ బాగుచేసింది పరీక్షించుకోవాలి కదా. చక్రం తొమ్మిది నుంచి సున్నాకి మారే మలుపు దగ్గరే మీటరు తడబడుతుంది. అందుకని మూత పెట్టేముందు ఒక్కో చక్రాన్నీ వేలితో వెనక్కి తిప్పి, ఆ మలుపు దాటించి, మళ్ళీ ముందుకి తెచ్చి పాత అంకె మీద నిలపాలి. నేర్చుకున్నప్పటి నుంచీ అలాగే చేస్తున్నాను. నేను ఏదో ఆలోచిస్తూ ఉంటే చేతులే ఆ పని చేసేస్తాయి.

ఆ రోజు షెడ్డులో ఉన్న కారు మా అన్నయ్యది. అన్నయ్య దుకాణాలకి బోర్డులు రాసేవాడు. రంగు డబ్బాలు, కుంచెలు, నిచ్చెన, అన్నీ ఆ కారులోనే తిరిగేవి. కారు నిండా టర్పెంటైన్ వాసన. ఎక్కితే తలనొప్పి వచ్చేది, దిగితే బట్టలకి అంటుకుని ఇంటిదాకా వచ్చేది. ఆయన గోళ్ళ కింద నీలం రంగు ఎప్పుడూ పోయేది కాదు. నన్ను "ముల్లూ" అని పిలిచేవాడు, మీటరు ముల్లుతో కాపురం చేస్తున్నానని. ఒక సాయంత్రం పని నుంచి వస్తూ రోడ్డు పక్కన బండి ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు. గుండె. బండికి గీత కూడా పడలేదు.

అప్పటికి వదిన కడుపుతో ఉంది. కబురు విని ఆవిడ పరుగెత్తి అక్కడికి చేరేసరికి అన్నయ్య తల ఇంకా స్టీరింగు మీదే ఉంది, ఎదురుగా మీటరు. ఆ అంకె వదినకి నోటికొచ్చు. నాకూ వచ్చు. ఇద్దరం ఎప్పుడూ పైకి అనం.

అన్నయ్య పోయిన రోజు అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందిలే అన్నారు, రాలేదు. పళ్ళ డాక్టరు పన్ను పీకేముందు సూది పొడిస్తే దవడ మొద్దుబారుతుంది చూడండి, నాకు ఆ మత్తు గుండెకి ఎక్కి ఇక దిగలేదు. తింటాను, పని చేస్తాను, ఎవరైనా జోకు వేస్తే నవ్వుతాను. చీమ కుట్టినట్టు కూడా ఏదీ తగలదు.

ఆ తర్వాత కారు వదినది అయింది. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. పాపని బడికి దింపడం, తను పనికి వెళ్ళడం, అంతా దాంట్లోనే. టర్పెంటైన్ వాసన ఎప్పుడో పోయింది. ఇప్పుడు అందులో క్రేయాన్లు, బిస్కెట్ పొడి, తడిసిన గొడుగు వాసన. డ్యాష్‌బోర్డు మీద పాప అంటించిన వెండి నక్షత్రం. తలుపు మీద, వదిన నడుపుతుంటే గేటు తగిలి పడిన గీత. అన్నయ్య కూర్చున్నప్పుడు వెనక్కి ఉండే సీటు ఇప్పుడు బాగా ముందుకి ఉంటుంది, వదిన పొట్టి.

పాపకి ఆరేళ్ళు. నేను పెట్టిన పేరు పిచ్చుక. దాని నోరు ఊరుకోదు, ఇంట్లో అందరూ అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. మీటరు ఆగిపోయిందని వదిన చెప్పడానికి వచ్చినప్పుడు కూడా వెనకాల అది ఏదో కథ చెబుతూనే ఉంది.

"ఆగిపోతే నాకు బాలేదు అబ్బాయీ," అంది వదిన. "ఆ అంకె కదులుతూ ఉంటేనే నాకు కాస్త ఊపిరాడుతుంది. ఆగిందంటే మళ్ళీ ఆ రోడ్డు పక్కనే ఆగినట్టుంటుంది."

"బాగుచేస్తాను, ఇక్కడ వదిలెయ్ వదినా," అన్నాను.

బడికి సెలవు కావడంతో కారుతో పాటు పాపనీ నా దగ్గర వదిలి ఆవిడ బస్సెక్కింది. మధ్యాహ్నం నుంచి వాన. రేకుల మీద చప్పుడుకి మాట మాటకి గొంతు పెంచాల్సి వచ్చింది. పిచ్చుక వెనక సీట్లో కాళ్ళు చాపుకుని రంగులు వేసుకుంటోంది. ముందురోజే దాని పై పన్ను ఊడింది, కారులోనే, బిస్కెట్ కొరుకుతుంటే. ఆ పన్ను తెచ్చి నా చేతిలో పెట్టి దాచమంది. నేను ఖాళీ అగ్గిపెట్టెలో వేసి, పైన పిట్ట బొమ్మ గీసి, అరలో పెట్టాను.

"బాబాయ్, నా పన్ను ఉందా?"

"ఉంది."

"చూశావా?"

"పొద్దున్న నువ్వే చూశావు కదే."

"మళ్ళీ చూడు. పారిపోతే?"

"పళ్ళకి కాళ్ళుండవు."

"పాలపళ్ళకి ఉంటాయి," అంది చాలా నమ్మకంగా. అగ్గిపెట్టె తెచ్చి చెవి దగ్గర ఆడించాను. గలగలమంది. అప్పుడు గానీ ఊరుకోలేదు.

మీటరు వెనక కేబుల్ నట్టు తుప్పు పట్టి ఊడిరాలేదు. బలవంతం చేస్తే కేబుల్ తెగుతుంది. అందుకని మీటరుని పూర్తిగా బయటికి తీయకుండా స్టీరింగు మీదకి లాగి అక్కడే విప్పాను. డ్రైవరు తలుపు తెరిచి, నేను బయట నిలబడి, చేతులు మాత్రం లోపల పెట్టి పని. నడుము విరిగిపోయింది. లోపల చూస్తే చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం చిట్లి ఉంది, వయసైపోయిన మీటర్లన్నిటికీ వచ్చే రోగమే. పాత సామాను డబ్బాలోంచి అలాంటిది వెతికి బిగించాను. ఇక పరీక్ష మిగిలింది.

ఒకట్లు బాగానే తిరిగాయి. పదులు కూడా. వందల చక్రాన్ని వెనక్కి ఒక అంకె తిప్పాను.

"బాబాయ్… పన్ను వచ్చేసింది."

"ఊఁ," అన్నాను చూడకుండా. చక్రం ముందుకి తెచ్చాను.

"అయ్యో. మళ్ళీ పోయింది."

పిల్లల ఆటలు. నవ్వి ఊరుకున్నాను. మలుపు సరిగ్గా చూడలేదనిపించి మరోసారి వెనక్కి తిప్పాను. ఈసారి తల ఎత్తాను. అద్దంలోంచి అది నాకేసి పళ్ళు ఇకిలించి చూపిస్తోంది. పై వరస నిండుగా ఉంది.

చక్రం అలాగే వదిలి అర దగ్గరికి వెళ్ళాను. పిట్ట బొమ్మ ఉన్న అగ్గిపెట్టె తీసి ఆడించాను. చప్పుడు లేదు. తెరిచాను. ఖాళీ. దాన్ని జేబులో వేసుకుని, తిరిగి వచ్చి చక్రం ముందుకి తెచ్చాను. నా చొక్కా జేబులో అగ్గిపెట్టె గలగలమంది.

భయం వేయాలి. వేయలేదు. పని చేసేవాడిలా ఆలోచించాను, అంతే. వందల చక్రానికి ఇది జరిగితే వేల చక్రానికి ఏం జరుగుతుంది?

పాపని దింపి బల్ల మీద కూర్చోబెట్టాను. వేల చక్రం ఒక అంకె వెనక్కి తిప్పాను. డ్యాష్‌బోర్డు మీద నక్షత్రం లేదు. ఊడలేదు, పడలేదు. అక్కడ ఎప్పుడూ ఏదీ అంటించనట్టు నున్నగా ఉంది. ఇంకో అంకె. తలుపు మీద గీత మాయమైంది. నా చేతులు చూసుకున్నాను. పోయినేడు వేడి టంకం అంటుకుని బొటనవేలి మీద మచ్చ పడింది. అది లేదు. చేతులు బయటికి తీశాను. మచ్చ ఉంది. లోపల పెట్టాను. లేదు.

కారులో ఉన్నది మాత్రమే వెనక్కి వెళ్తోంది. నేను బయట నిలబడ్డాను కాబట్టి నాకు చేతులే.

అప్పుడు వచ్చింది ఆ వాసన. చాలా పల్చగా… సీటు గుడ్డ లోపల్నుంచి. టర్పెంటైన్.

అన్నీ యథాస్థానానికి తెచ్చి, పాపని మళ్ళీ వెనక సీట్లో పడుకోబెట్టాను. అది అప్పటికే ఆవలిస్తోంది. షెడ్డులో పడుకోడానికి వేరే చోటు లేదు. నా కోటు కప్పాను, నిద్రపోయింది. మూత బిగించేద్దామని స్క్రూలు తీశాను. బిగించలేదు. స్క్రూలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను, ఎంతసేపో తెలియదు.

వెలుగు తగ్గేవేళకి వదిన వచ్చింది. గొడుగు మూసి, వానకి చలేసి, నేరుగా కారెక్కి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి పాపని చూసింది. ఏదో అడగబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఈ వాసనేంటి?"

చెప్పకూడదని తెలుసు. చెప్పేశాను. చెప్పింది నమ్మదేమోనని చక్రం ఒక్కసారి తిప్పి చూపించాను కూడా. ఆవిడ కళ్ళజోడు ఈ మధ్యే పెట్టుకుంది, అది ముఖం మీద నుంచి మాయమైంది. మళ్ళీ తెచ్చాను. వదిన ముందుకి వంగి ఆ అంకెలకేసి చూసింది.

"ఆ అంకె దాకా తిప్పితే?"

"వదినా…"

"దాటించు. దానికి కాస్త వెనక్కి. అప్పటికి ఆయన బాగానే ఉంటాడు. ఛాతీలో నొప్పని వారం నుంచీ అంటూనే ఉన్నాడు అబ్బాయీ, నీకూ తెలుసు. ముందే ఆస్పత్రికి తీసుకెళ్తాను."

నాకూ అన్నయ్య కావాలి. ఆ మాట ఆ క్షణంలో లోపల స్పష్టంగా వినిపించింది, ఎన్నాళ్ళకో. "సరే, అయితే పాపని దించేస్తాను," అన్నాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. బయట ఉంటే దానికి నాన్న లేనట్టే మిగిలిపోతుంది. లోపలే ఉండనీ. ఎక్కడికి పోతుంది? నా కడుపులోకే కదా వస్తుంది." గొంతు చాలా నెమ్మదిగా ఉంది, పాపకి జడ వేస్తూ మాట్లాడినట్టు. "మళ్ళీ కంటాను. ఈసారి ఆయన పక్కన ఉంటాడు."

వద్దని చెప్పే మనిషి నాలో ఉండాల్సిన చోట ఎవరూ లేరు. వేలు చక్రం మీద పెట్టాను.

ఒక అంకె.

నక్షత్రం పోయింది. కళ్ళజోడు పోయింది. వెనక సీట్లో పాప నిద్రలో కదిలింది.

ఇంకొకటి. ఇంకొకటి. వదిన జుట్టులో తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. కోటు కింద పాప కాళ్ళు పొట్టివయ్యాయి. కోటు అంచు దాటి బయటికి కనిపించిన బూట్లు ఇప్పుడు కనిపించడం లేదు.

వాసన చిక్కబడింది. కళ్ళు మండాయి.

ఇంకొకటి… పాప లేచింది. "బా… బా…" అంది. అంతే వచ్చు దానికి. మధ్యాహ్నమంతా చెవులు తినేసిన పిల్ల.

వదిన వెనక్కి చూసింది. నవ్వింది. తర్వాత ఆ నవ్వు కాస్త తడబడింది, ఎవరి పిల్లో గుర్తు రానట్టు.

అప్పుడు అర్థమైంది. జుట్టొక్కటే కాదు, ఆవిడ తలలో ఉన్నది కూడా వెనక్కి వెళ్తోంది. ఈ పని ఎందుకు మొదలుపెట్టామో తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే.

ఆపాలి. వేలు ఆగలేదు. చేతులు వాటంతట అవే చేసేస్తాయని చెప్పాను కదా.

డ్రైవరు సీటు కింద కీచుమంది. సీటు… ఎవరూ ముట్టుకోకుండా… పట్టాల మీద మెల్లగా వెనక్కి జరిగింది. పొడుగు మనిషికి సరిపోయేంత దూరం జరిగి ఆగింది. గుడ్డ మధ్యలో కుంగింది. ఎవరో బరువుగా కూర్చున్నారు.

నా ముఖానికి జానెడు దూరంలో ఒక ఊపిరి. ఈల వేసినట్టు వస్తోంది. ఆగి, లాగి, ఆగి.

వెనకాల పసిపిల్ల ఏడుపు. అప్పుడే పుట్టిన పిల్ల గొంతు అది. సన్నగా, ఎండిపోయి.

ఇంకొక్క అంకె.

ఏడుపు ఆగిపోయింది.

ఇక వాన చప్పుడొక్కటే. వెనక సీట్లో నా కోటు పరుచుకుని ఉంది. దాని కింద ఎత్తుగా ఏమీ లేదు. చెయ్యి చాపి కోటు తీశాను. ఫ్రాకు కూడా లేదు. క్రేయాన్లు లేవు. సీటు శుభ్రంగా ఉంది.

"అబ్బాయీ." వదిన గొంతు. లేత గొంతు, నేను మొదటిసారి విన్నప్పటిది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది. తడుముకుంటోంది. "అబ్బాయీ… నాకు నెలలు నిండుతున్నాయి కదూ?"

"అవును వదినా."

"మరి కడుపేదీ?"

చూశాను. వదులు గౌను కింద ఆవిడ చేతులు చదునుగా ఉన్నాయి. నొక్కుకుంది. మళ్ళీ నొక్కుకుంది. అక్కడ ఏమీ లేదు.

"పొద్దున్న తన్నింది… పొద్దున్నే తన్నింది కదా… ఏదీ?"

అప్పుడు డ్రైవరు సీట్లోంచి, ఆ ఈల ఊపిరి మధ్య, చాలా దగ్గరగా…

"ముల్లూ."

చక్రం మీద నుంచి వేలు తీశాను.

"కంగారు పడొద్దని చెప్పు మీ వదినకి. పిచ్చుక… నా దగ్గరుందిలే."

ఆ పేరు నేను పెట్టింది. ఆయన పోయాక పుట్టిన పిల్లకి.

సీటు గుడ్డ మీద ఆ పెద్ద గుంట పక్కన… ఒళ్ళో పడుకోబెట్టుకుంటే ఎక్కడ ఉంటుందో అక్కడ… ఇంకో గుంట. చాలా చిన్నది. మెల్లగా ఊగుతోంది.

వేల చక్రాన్ని గోరుతో పట్టి ముందుకి తోశాను. కదల్లేదు. బిగుసుకుపోయింది. రెండు బొటనవేళ్ళూ పెట్టి తోశాను. అవతల్నుంచి ఎవరో ఆపుతున్నారు. గట్టిగా కాదు. పిల్లని ఇంకాసేపు ఎత్తుకుంటానని బతిమాలేవాడిలా.

"అన్నయ్యా," అన్నాను. "ఇచ్చెయ్."

ఊపిరి ఆగింది.

"అన్నయ్యా. వదినకి అదొక్కటే ఉంది."

చక్రం కదిలింది. ఒక అంకె. వెనకాల ఏడుపు. ఇంకొకటి. ఇంకొకటి. గోరు విరిగింది, నొప్పి తెలియలేదు. తెల్లవెంట్రుకలు వచ్చాయి, కళ్ళజోడు వచ్చింది, తలుపు మీద గీత, వెండి నక్షత్రం. వందలు, పదులు, ఒకట్లు. వచ్చిన అంకె మీద నిలిపి, మూత పెట్టి, నాలుగు స్క్రూలూ బిగించాను.

వదిన కళ్ళు నులుముకుంది. నా మణికట్టు మీద ఆవిడ చెయ్యి మళ్ళీ ఉంది, వద్దని పట్టుకున్నప్పటిలాగే.

"ఏం ఆలోచిస్తున్నావ్? తిప్పు."

"తిప్పాను వదినా. ఏం లేదు. వాసన తప్ప ఏమీ రాలేదు."

"ఆ అంకె దాకా తిప్పావా?"

"అక్కడిదాకా తిప్పాను."

ఆవిడ స్టీరింగుకేసి తిరిగి ఏడ్చింది. పక్కన నిలబడి చూశాను. వెనకాల పిచ్చుక లేచి, ఎందుకేడుస్తున్నావమ్మా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తనకొచ్చిన కల చెప్పడం మొదలుపెట్టింది. కలలో ఎవరో పొడుగాయన ఎత్తుకుని ఊపాడట, చేతులకి నీలం రంగట.

"నోరు మూసుకో," అన్నాను. నేను దాన్ని ఎప్పుడూ కసరలేదు. బిత్తరపోయి నన్ను చూసింది. పన్ను ఊడిన ఖాళీ కనిపించింది. అదే చాలనుకున్నాను.

ఇంకా పని ఉందని అబద్ధం చెప్పి కారు ఉంచేశాను. వాళ్ళు వెళ్ళాక కేబుల్ కోసేశాను. మీటరు మొత్తం బయటికి లాగి, చక్రాల మధ్య జిగురు వేసి, గుడ్డలో చుట్టి అరలో అగ్గిపెట్టెల వెనకాల పెట్టాను. కారు అక్కడ, మీటరు ఇక్కడ. ఇక దేనికీ దేనితోనూ సంబంధం లేదు.

మర్నాడు ఉదయం వదిన పాపని తీసుకొచ్చింది. కారు గురించి అడిగి, పనికి ఆలస్యమవుతోందని పాపని వదిలి వెళ్ళిపోయింది. ఎండ బాగా కాస్తోంది. వీధిలో జనం తిరుగుతున్నారు. పిచ్చుక నా బల్ల మీదకెక్కి కూర్చుంది.

"బాబాయ్, ఇటు చూడు."

చూశాను. ఈ… అని ఇకిలించింది. పై వరస నిండుగా ఉంది. కొత్త పన్ను కాదు. అంచు కాస్త చిట్లిన పన్ను, ఊడిందే.

అగ్గిపెట్టె తీసి ఆడించాను. చప్పుడు లేదు.

గుడ్డ విప్పాను. జిగురు పొడిపొడిగా రాలిపోయింది. వందల చక్రం ఒక అంకె వెనక్కి వచ్చి ఉంది. పిల్ల కారులో లేదు. మీటరూ కారులో లేదు. చక్రాన్ని ముందుకి తోసి బొటనవేలితో అదిమి పట్టాను. పక్కనున్న వేల చక్రం మీద, సరిగ్గా అంకెల మధ్య, ఒక వేలిముద్ర కనిపించింది. నా వేలికంటే పెద్దది. నీలం రంగు. ముట్టుకుంటే అంటుకుంది, ఇంకా తడి ఆరలేదు.

పగలగొట్టేద్దామనుకున్నాను. పగిలితే చక్రాలన్నీ వదులై సున్నాల మీదకి పడతాయి. ఆ ఆలోచన అక్కడే ఆపేశాను.

"ఏం పట్టుకున్నావ్ బాబాయ్?"

"ఏం లేదు. నువ్వు కబుర్లు చెప్పు."

చెబుతోంది. ఊడిన పన్ను సందులోంచి గాలి పోతూ మాటలు తుస్సుమంటున్నాయి. పొద్దున్నుంచీ వింటూ కూర్చున్నాను. ఒకటి రెండుసార్లు పట్టు సడలితే మాటలు చక్కగా, స్పష్టంగా వచ్చాయి. వెంటనే గట్టిగా అదిమాను. వేలి కింద చక్రం వెనక్కి లాగుతూనే ఉంది. బలంగా కాదు, కానీ విసుగు లేకుండా.

ఇంతకీ నన్ను ఇబ్బంది పెడుతున్నది ఒక్కటే. బొటనవేలు మొద్దుబారిపోతోంది. చక్రం నా వేలి కింద ఉందో, జారిపోయిందో, తెలియడం లేదు.

పిచ్చుక మాట్లాడటం ఆపింది.